ఎక్సురే బండి నడిపిన విజ్ఞానవేత్త

కోనసీమకు కొబ్బరి చెట్టు జీవనాధారం. ఆ చెట్టుపైకి ఎక్కే దింపు కార్మికునికి మాత్రం అది ఒక్కొక్కప్పుడు ప్రాణగండమై నిలుస్తుంది. వానకు తడిసిన మానుపై కాలు జారితే అంత ఎత్తు నుండి నేలపై పడవలసినదే. అట్లు పడినవానిని అమలాపురం ఆసుపత్రికి చేర్చగానే వైద్యుడు కోరే మొదటి వస్తువు ఎక్సురే చిత్రం. ఎముక విరిగినదా, బీట మాత్రమే వారినదా, వెన్నుపూస చెదిరినదా అన్న ప్రశ్నలకు సమాధానం ఆ చిత్రంలో ఉంటుంది. కాని దానిని తీసే చేయి వైద్యునిది కాదు. నయమైన రోగి వైద్యుని పేరు జీవితాంతం తలచుకొంటాడు. నొప్పితో మూలుగుతున్న తనను మెల్లగా బల్లపై పడుకోబెట్టి, కాలు సరిగా అమర్చి, కదలవద్దని చెప్పి మీట నొక్కిన మనిషి పేరును అడగనైనా అడగడు.

పేరు తెలియని ఈ పనికి గొప్ప చరిత్ర కలదు. రెండుసార్లు నోబెల్ బహుమానం పొందిన స్త్రీ ఒకతె, లోకమంతా తన పేరు మారుమ్రోగుతున్న రోజులలో, పరిశోధనాలయపు తలుపులు మూసి ఈ పనిని స్వయంగా నేర్చుకొన్నది. దుమ్ముకొట్టుకొన్న మోటారు బండిలో యంత్రాన్ని వేసుకొని యుద్ధభూమికి వెళ్లినది. తాను చేయడంతో తృప్తిపడక, ఈ విద్యను నూట యాభైమంది స్త్రీలకు నేర్పినది. ఆమె మేరీ క్యూరీ. రేడియమును కనుగొన్న మేరీ క్యూరీని పాఠ్యపుస్తకాల ద్వారా ప్రతి విద్యార్థీ ఎరుగును. ఎక్సురే టెక్నీషియన్‌గా పనిచేసిన మేరీ క్యూరీని ఎరిగినవారు తక్కువ.

1867 నవంబరు 7వ తేదీన పోలండు దేశపు వార్సా నగరంలో ఆమె జన్మించినది. పుట్టినప్పటి పేరు మరియా స్క్లొడోవ్‌స్కా. తండ్రి భౌతిక, గణిత శాస్త్రాలు బోధించే ఉపాధ్యాయుడు. తల్లి బాలికల పాఠశాలను నడిపిన విద్యావతి. ఆనాడు వార్సా రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. పాఠశాలలలో పోలిష్ భాషకు, చరిత్రకు చోటు లేకుండా చేసిన కాలమది. ఇంటిలోనూ కష్టాలకు కొరత లేదు. అక్కలలో పెద్దదైన జోఫియా విషజ్వరంతో 1876లో కన్నుమూసినది. క్షయరోగ పీడితురాలైన తల్లి, బిడ్డలను దగ్గరకు తీసి ముద్దాడడానికి కూడా వెనుకాడుతూ, 1878లో మరణించినది. అప్పటికి మరియాకు పదేండ్లు. రొమ్ములోపలి రోగాన్ని బయటినుండి చూడగల సాధనం ఏదీ ఆనాటి వైద్యునివద్ద లేదు.

1883లో ఆమె స్వర్ణ పతకంతో ఉన్నత పాఠశాల చదువు ముగించినది. వార్సా విశ్వవిద్యాలయంలో స్త్రీలకు ప్రవేశం లేదు. తండ్రికి పరదేశం పంపే స్తోమతు లేదు. అప్పుడు అక్క బ్రోన్యాతో ఆమె ఒక ఒడంబడిక చేసుకొన్నది. ముందుగా అక్క పారిస్ వెళ్లి వైద్యవిద్య చదువవలెను. చెల్లెలు సంపాదించి సాయపడవలెను. అక్క స్థిరపడిన తరువాత చెల్లెలిని పిలిపించుకొనవలెను. ఆ మాట ప్రకారం పదునెనిమిదేండ్ల మరియా ఒక పల్లెటూరి సంపన్న గృహంలో పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగానికి కుదిరినది. చుట్టూ బీటుదుంప చేలు, నడుమ చక్కెర కర్మాగారం. పగలు యజమాని పిల్లలకు పాఠాలు చెప్పి, తీరిక వేళ ఆ ఊరి రైతు బిడ్డలకు పోలిష్ అక్షరాలు నేర్పేది. ప్రభుత్వానికి తెలిస్తే శిక్ష తప్పని పని అది. బోధన ఆమెకు చిన్ననాటనే అబ్బిన గుణమని దీనివలన తెలుస్తున్నది.

1891లో ఆమె పారిస్ చేరి సోర్బాన్ విశ్వవిద్యాలయంలో ప్రవేశించినది. మేడ పైభాగపు చల్లని గదిలో చాలీచాలని తిండితో చదివి 1893లో భౌతికశాస్త్రంలో ప్రథమురాలిగా, 1894లో గణితంలో ద్వితీయురాలిగా పట్టాలు పొందినది. 1895 జూలైలో పియర్ క్యూరీ అనే భౌతికశాస్త్రవేత్తను వివాహమాడి మేరీ క్యూరీ అయినది.

ఆ సంవత్సరం నవంబరు 8వ తేదీన జర్మనీలోని వూర్జ్‌బర్గు పట్టణంలో రాంట్‌జెన్ అనే ఆచార్యుడు ఒక వింత కిరణాన్ని కనిపెట్టినాడు. అది నల్లని అట్టగుండా, చెక్కగుండా, మాంసంగుండా దూసుకుపోతుంది. ఎముక దగ్గర, లోహం దగ్గర ఆగిపోతుంది. డిసెంబరు 22న ఆయన తన భార్య చేతిని ఫొటోగ్రాఫు పలకపై ఉంచి చిత్రం తీసినాడు. వేళ్ల ఎముకలు, వేలి ఉంగరము స్పష్టంగా కనిపించినవి. స్వభావం తెలియని కిరణం గనుక గణితంలో అవ్యక్తరాశికి వాడే ఎక్సు అక్షరమే దానికి పేరైనది. దీనికి 1901లో రాంట్‌జెన్‌కు భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమానం లభించినది.

ఎక్సు కిరణాలు కలిగించిన సంచలనంలోనే 1896లో బెకెరల్ యురేనియం నుండి వెలువడే మరొక కిరణాన్ని గుర్తించినాడు. క్యూరీ దంపతులు ఆ దారి పట్టినారు. 1898 జూలైలో పొలోనియం, డిసెంబరులో రేడియం అనే నూతన మూలకాల ఉనికిని ప్రకటించినారు. తరువాత నాలుగేండ్లు పైకప్పు కారే ఒక పాత కొట్టంలో మేరీ టన్నులకొలది ఖనిజాన్ని కరగించి, మరగించి, తన ఎత్తు ఉన్న ఇనుప కడ్డీతో కలియబెట్టి, 1902 నాటికి గ్రాములో పదోవంతు రేడియం లవణాన్ని వేరు చేయగలిగినది. రాంట్‌జెన్ తన కిరణానికి గాని, క్యూరీలు తమ రేడియం పద్ధతికి గాని హక్కు పత్రాలు తీసుకొనలేదు. 1903లో బెకెరల్‌తో పాటు ఆ దంపతులకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చినది. 1906 ఏప్రిల్ 19న పారిస్ వీధిలో గుర్రపు బండి క్రిందపడి పియర్ మరణించినాడు. ఇద్దరు కుమార్తెలతో మిగిలిన మేరీ, భర్త బోధించిన పీఠాన్నే స్వీకరించి, సోర్బాన్‌లో బోధించిన మొదటి స్త్రీ అయినది. 1911లో రసాయనశాస్త్రంలో రెండవ నోబెల్ బహుమానం లభించినది. అదే సంవత్సరం ఆరంభంలో ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు అతి స్వల్పమైన ఓట్ల తేడాతో ఆమెకు సభ్యత్వం నిరాకరించినది.

1914లో పారిస్‌లో రేడియం సంస్థ భవనం పూర్తయినది. పరిశోధన ఆరంభించే వేళకు మహాయుద్ధం వచ్చిపడినది. యువకులైన సహాయకులందరూ సైన్యంలోకి వెళ్లినారు. శత్రువు పారిస్‌ను సమీపిస్తుండగా మేరీ, సంస్థ ఆస్తియైన ఒక గ్రాము రేడియమును సీసపు పెట్టెలో ఉంచి రైలులో బోర్డో నగరానికి తీసుకొనిపోయి భద్రపరచి, వెంటనే పారిస్‌కు తిరిగివచ్చినది. ఇక చేయవలసినదేమి? చాలమంది విదుషీమణులు ఆసుపత్రులలో గాయాలకు కట్లు కట్టడానికి వెళ్లినారు. మేరీ మరొక విధంగా ఆలోచించినది. గాయపడిన సైనికుని శరీరంలో తుపాకి గుండో, ఫిరంగి గుండు ముక్కయో ఉంటుంది. అది ఎక్కడ ఉన్నదో తెలియక శస్త్రవైద్యుడు గుడ్డిగా కోస్తూ వెదుకుతున్నాడు. వెదుకులాటలో రక్తం పోతున్నది, గాయం కుళ్లుతున్నది, కాలో చేయో తీసివేయవలసి వస్తున్నది. ఆ గుండును చూపగల ఎక్సురే యంత్రాలు నగరాలలోని కొద్దిపాటి ఆసుపత్రులలో ఉన్నవి. యుద్ధరంగానికి సమీపమైన ఆసుపత్రులలో దాదాపు లేవు. క్షతగాత్రుని యంత్రం దగ్గరకు మోసుకొని పోయేలోపల ప్రాణం పోవచ్చును. కనుక యంత్రమే క్షతగాత్రుని దగ్గరకు పోవలెను.

ఆలోచన సులభము, ఆచరణ కష్టము. యంత్రానికి విద్యుత్తు కావలెను; పల్లెలలోని ఆసుపత్రులలో విద్యుత్తు లేదు. ఒక మోటారు బండిలో డైనమో అమర్చి, బండి ఇంజనుతోనే దానిని త్రిప్పే ఏర్పాటు చేసినది. బండిలో ఎక్సురే గొట్టం, మడత బల్ల, ఫొటోగ్రాఫు పలకలు, కిటికీలకు కట్టే నల్లని తెరలు, పొడవైన విద్యుత్తు తీగ సర్దినది. మొదటి బండికి ఒక స్త్రీల సేవాసంఘం ధనమిచ్చినది. తరువాతి బండ్ల కొరకు ఆమె సంపన్నుల ఇండ్లకు వెళ్లి యాచించినది. కొందరు తమ కార్లను ఇచ్చినారు. అధికారుల కచేరీలలో అనుమతుల కొరకు గంటలకొలది వేచి ఉన్నది. రెడ్‌క్రాసు రేడియాలజీ విభాగానికి అధిపతిగా నియమింపబడిన తరువాత కూడ సైనికాధికారులు పౌరస్త్రీని యుద్ధరంగంలోకి రానీయడానికి సంకోచించేవారు.

అంతకంటె గమనింపదగినది ఆమె విద్యార్థి దశ. ఎక్సు కిరణాలను గురించి సోర్బాన్‌లో ఉపన్యసించినదే గాని, రోగి శరీరంపై వాటిని ప్రయోగించిన అనుభవం ఆమెకు లేదు. నలుబది ఆరేండ్ల వయసులో ఆమె శరీర నిర్మాణ శాస్త్రం చదివినది. యంత్రం నడపడం నేర్చుకొన్నది. తరువాత కారు నడపడం నేర్చుకొని 1916లో అనుమతి పత్రం పొందినది. చక్రం మార్చడం, ఇంజనులో చిన్న దోషాలు సరిచేయడం కూడ తెలుసుకొన్నది. రెండు నోబెల్ బహుమానాలు ఉన్నవి గదా అని ఎవరివద్దనైనా నేర్చుకొనడానికి చిన్నతనం పడలేదు.

1914 చివరి నెలలలో ఆ బండి యుద్ధరంగం వైపు కదలినది. మేరీ వెంట పెద్దకూతురు ఐరీన్. అప్పటికి ఆమెకు పదునేడేండ్లు. ఆసుపత్రి చేరగానే ఒక గదిని ఎన్నుకొని కిటికీలు మూసి చీకటి చేసేవారు. తీగను బండినుండి గదిలోకి లాగేవారు. వాహనచోదకుడు బయట ఇంజను నడుపుతూ ఉండేవాడు. దాదాపు అరగంటలో అంతా సిద్ధం. ఒకరి తరువాత ఒకరుగా గాయపడినవారిని తీసుకొని వచ్చేవారు. మేరీ గొట్టాన్ని సరిచేసి, మెరిసే తెరపై ఛాయను చూచి, అవసరమైనచోట పలకపై చిత్రం తీసి, గుండు ఉన్న చోటును కాగితంపై గీసి శస్త్రవైద్యునికి అందించేది. కొన్ని సందర్భాలలో వైద్యుడు తెరపై ఛాయను చూస్తూ అక్కడికక్కడే గుండును వెలికి తీసేవాడు. భయపడిన సైనికునికి ఇది ఫొటో తీయడమే గాని మరేమీ కాదని ఆమె నచ్చజెప్పేది.

ఛాయ చూచినంత మాత్రాన పని ముగియదు. చిత్రం చదునైనది, శరీరానికి లోతు ఉన్నది. గుండు చర్మానికి దగ్గరగా ఉన్నదా, వెన్ను దగ్గర ఉన్నదా అన్నది ఒక్క చిత్రం చెప్పలేదు. ఇక్కడ పాఠశాలలో నేర్చిన సరూప త్రిభుజాలే ఆదుకొన్నవి. రోగిని, పలకను కదలనీయకుండా, గొట్టాన్ని మాత్రం ప్రక్కకు జరిపి రెండవ చిత్రం తీస్తే గుండు ఛాయ ఎదురు దిక్కుకు జరుగుతుంది. గొట్టం పలకకు 60 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనుకొందాము. దానిని 9 సెంటీమీటర్లు జరిపినప్పుడు ఛాయ 1 సెంటీమీటరు జరిగితే, గుండు పలకకు 6 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదని లెక్క తేలుతుంది. గుండు నుండి గొట్టం వరకు గల 54 సెంటీమీటర్లకు 9 ఎంతో, పలక వరకు గల 6 సెంటీమీటర్లకు 1 అంతే. పరీక్ష కొరకు బట్టీపట్టే ఒక సిద్ధాంతం యుద్ధభూమిలో మనిషి కాలును నిలబెట్టినది. ఈ లెక్కను నమ్మక, తమకు తోచినచోట కోసి వెదికిన వైద్యులు కూడ ఐరీన్‌కు తటస్థపడినారు. పదునెనిమిదేండ్ల బాలిక మాట వినడం వారికి కష్టమైనది. ఐరీన్ వాదానికి దిగక తన లెక్కను చూపుతూ నిలిచేది.

ప్రయాణాలు సుఖమైనవి కావు. 1915లో ఒకసారి బండి గోతిలో బోల్తాపడి, పెట్టెలు మీదపడి మేరీకి గాయాలైనవి. ఆ సంగతి ఇంటిలో కూడ చెప్పక, మరునాటి పనికి వెళ్లినది. ఆమె స్వయంగా వాడిన బండి ఒక రెనో. అటువంటి బండ్లను ఇరువదింటిని ఆమె సమకూర్చినది. సైనికులు వాటికి చిన్న క్యూరీలు అని ముద్దుపేరు పెట్టుకొన్నారు. వీటికి తోడు ఆసుపత్రులలో రెండువందల స్థిరమైన ఎక్సురే గదులను నెలకొల్పినది. యుద్ధం ముగిసేలోపల ఈ బండ్లలోను, ఈ గదులలోను పరీక్ష పొందిన క్షతగాత్రుల సంఖ్య పది లక్షలు దాటినది. నోబెల్ బహుమానపు ధనాన్ని ఆమె యుద్ధ ఋణపత్రాలలో పెట్టినది. పతకాలను కూడ కరగించుకొమ్మని ఇచ్చినది గాని, బ్యాంకు అధికారులు అందుకు అంగీకరించలేదు.

యంత్రాలు పెరిగిన కొలదీ మరొక కొరత బయటపడినది. నడిపేవారు లేరు. యంత్రం మంచిదైనా, తెలియని చేతిలో అది తప్పు చూపుతుంది; తప్పు చూపిన యంత్రం కంటె యంత్రం లేకపోవడమే మేలు. మేరీ తిరిగి బోధకురాలైనది. అంతకు పూర్వం 1900 నుండి కొన్నేండ్లు సెవ్ర్‌లోని బాలికల ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో భౌతికశాస్త్రాన్ని ప్రయోగాలతో బోధించిన అనుభవం ఆమెకు కలదు. 1916లో స్త్రీల కొరకు ఎక్సురే శిక్షణ ఆరంభించినది. తడవకు సుమారు ఇరువదిమంది. విద్యుత్తు, ఎక్సు కిరణాల స్వభావం, శరీర నిర్మాణం, చిత్రాలు కడిగే విధానం వారి పాఠాలు. వచ్చినవారిలో బాగా చదివినవారు ఉన్నారు, అంతంతమాత్రపు చదువు గలవారూ ఉన్నారు. లెక్కలంటే భయపడేవారికి కూడ ఆమె ఓపికతో చెప్పి చేయించేది. ఐరీన్ కూడ బోధనలో సాయపడినది. 1918 నాటికి సుమారు 150మంది స్త్రీలు ఈ విద్య నేర్చి ఆసుపత్రులకు వెళ్లినారు. వైద్యుడు వేరు, దాది వేరు, ఎక్సురే తీసే నిపుణురాలు వేరు అన్న భావం ఫ్రాన్సులో ఇట్లు బలపడినది. యుద్ధకాలపు అనుభవాన్ని ఆమె 1921లో ఒక గ్రంథంగా ప్రకటించినది.

ఇంతటి సేవకు చెల్లించిన మూల్యం కూడ కలదు. ఎక్సు కిరణం కంటికి కనపడదు, ఒంటికి తగలదు, నొప్పి పుట్టించదు. అందువలననే తొలితరంవారు దానిని నమ్మి మోసపోయినారు. యంత్రం సరిగా పనిచేస్తున్నదా అని తెలుసుకొనడానికి తమ చేతినే అడ్డుపెట్టి చూచుకొనేవారు. అమెరికాలో ఎడిసన్ వద్ద పనిచేసిన క్లారెన్స్ డాలీ చేతులు పుండ్లుపడి, తీసివేయబడి, చివరకు 1904లో మరణించినాడు. ఇట్లు ప్రాణాలు కోల్పోయిన వైద్యులు, శాస్త్రజ్ఞులు, సహాయకుల స్మృతిచిహ్నం 1936లో జర్మనీలోని హాంబుర్గు నగరంలో వెలసినది. నూరుకు పైగా పేర్లు ఆ రాతిపై చెక్కబడినవి.

మేరీ తన శిష్యులకు జాగ్రత్తలు చెప్పేది. రేడియమును చేతితో తాకరాదనేది, రక్షణ లేకుండా యంత్రం దగ్గర నిలువరాదనేది. తన విషయంలో మాత్రం ఆ నియమాలను పాటించలేదు. యుద్ధకాలంలో ఆమె ఎన్నో గంటలు గొట్టం ప్రక్కనే నిలిచి పనిచేసినది. తరువాతి కాలంలో కండ్లకు శుక్లాలు వచ్చి పలుమార్లు శస్త్రచికిత్సలు జరిగినవి. 1934 జూలై 4వ తేదీన, రక్తం ఉత్పత్తి చేసే మజ్జ దెబ్బతినడం వలన కలిగిన రక్తహీనతతో ఆమె మరణించినది. 1995లో ఫ్రెంచి ప్రభుత్వం ఆమె అస్థికలను మహాపురుషుల సమాధి మందిరమైన పాంథియాన్‌కు తరలించినప్పుడు, నిపుణులు శవపేటికను పరీక్షించినారు. లోపల రేడియం జాడ వారనుకొన్న దానికంటె తక్కువగా ఉండడం చూచి, ఆమె రోగానికి రేడియం కంటె యుద్ధకాలపు ఎక్సు కిరణాలే ప్రధాన కారణమై ఉండవచ్చునని అభిప్రాయపడినారు. ఐరీన్ 1935లో భర్తతో కలిసి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం పొందినది. ఆమె కూడ 1956లో రక్తపు క్యాన్సరుతో కన్నుమూసినది.

తల్లీకూతుండ్ల జీవితాలు ఈ వృత్తికి రెండు ధర్మాలను మిగిల్చినవి. రోగి ఎక్కడ ఉంటే అక్కడికి పోవడం మొదటిది; దానిని వారు ఆచరించి చూపినారు. తన శరీరాన్ని కాపాడుకొనడం రెండవది. దానిని వారి నష్టం నుండి లోకం నేర్చుకొన్నది.

మేరీ మరణించిన 1934లోనే మదరాసు జనరల్ ఆసుపత్రిలో బర్నార్డు రేడియాలజీ సంస్థ వెలసినది. కోనసీమ అప్పుడు మదరాసు రాజధానిలోని భాగమే. గౌతమీ వశిష్ఠల నడుమ ఉన్న ఈ గడ్డనుండి ఎక్సురే కొరకు పోవలెనంటే ఆనాడు రేవు దాటవలసినదే, పడవ కొరకు కాచుకొనవలసినదే. నేడు వంతెనలు వచ్చినవి. అమలాపురంలో వైద్య కళాశాల ఉన్నది. 2022 ఏప్రిల్‌లో కోనసీమ ఒక ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది. రాజోలులోనో కొత్తపేటలోనో ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం, భౌతికశాస్త్రం చదివిన విద్యార్థికి వైద్య విద్యలో చోటు దొరకకపోతే లోకం ముగిసిపోయినదని దిగులుపడనక్కరలేదు. మెడికల్ ఇమేజింగ్ డిప్లొమా, బి.ఎస్సి. చదువులు మన రాష్ట్రంలోనే ఉన్నవి. ఇటువంటి వృత్తులవారి విద్యకు, నమోదుకు 2021లో పార్లమెంటు ఒక ప్రత్యేక శాసనం కూడ చేసినది.

అయితే ఇది వైద్య విద్య దక్కనివారికి మిగిలిన ఎంగిలి విస్తరి అనుకొని చేరరాదు. ఈ పనిలో భౌతికశాస్త్రం ఉన్నది, శరీరశాస్త్రం ఉన్నది, మనిషిని తాకే చేతికి ఉండవలసిన సౌమ్యత ఉన్నది. బల్లపై ఉన్నది ఫలానా రోగియేనా, తీయవలసినది కుడికాలా ఎడమకాలా అని నిర్ధారించుకొని, చిత్రంపై కుడి ఎడమల గుర్తు పడేటట్లు సీసపు అక్షరం పెట్టడం చిన్న పనిగా కనిపిస్తుంది. అక్కడ పొరపాటు జరిగితే శస్త్రవైద్యుని కత్తి తప్పుదారి పడుతుంది. చిత్రం చెడితే మరల తీయవలెను. అంటే రోగి ఒంటిలోకి మరల కిరణం పంపవలెను. కనుక మొదటిసారియే సరిగా తీయడం నైపుణ్యం మాత్రమే కాదు, ధర్మం కూడ. స్త్రీ రోగిని గర్భవతియేమో అని ముందుగా అడుగవలెను. చిత్రంలో ఏమి కనిపించినా, రోగి బంధువులు ఎంత ఆత్రంగా అడిగినా, చెప్పే బాధ్యత వైద్యునిదని తెలిసి మౌనం వహించవలెను. రాత్రి విధులు తప్పవు. ప్రమాదాలలో నలిగిన శరీరాలను చూడవలెను. ప్రైవేటు ఆసుపత్రులలో ఆరంభపు జీతం చాలచోట్ల స్వల్పమే. ఇవి తెలిసి చేరినవాడే నిలుస్తాడు.

ప్రమాదాన్ని గురించి తల్లిదండ్రులు భయపడడం సహజం. మేరీ కాలం నాటి ప్రమాదం వేరు, నేటి స్థితి వేరు. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి మన దేశంలో ఎక్సురే గదులకు నియమాలు విధించినది. పనిచేసేవారు ఛాతీపై ఒక చిన్న బిళ్ల ధరిస్తారు. ఎంత కిరణం సోకినదో అది లెక్క చెపుతుంది. ఐదేండ్లలో 100 మిల్లీసీవర్టులకు, ఏ ఒక్క ఏడాదిలోనైనా 30 మిల్లీసీవర్టులకు మించరాదు. మీట నొక్కే వేళ రక్షణ తెర వెనుక నిలువవలెను. గది వీడి పోలేనప్పుడు సీసపు అంగరఖా ధరించవలెను. భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు చెప్పే విలోమ వర్గ నియమం ఇక్కడ ప్రాణరక్షక మంత్రం. కిరణం పుట్టేచోటికి రెండింతల దూరాన నిలిచినవానికి తీవ్రత నాలుగోవంతు, మూడింతల దూరాన నిలిచినవానికి తొమ్మిదోవంతు. నియమం తెలిసి పాటించేవానికి ఈ వృత్తి నేడు సురక్షితమైనదే. అలవాటుపడి అలక్ష్యం చేసేవానికి మాత్రం, రెండు నోబెల్ బహుమానాలు ఉన్నా, కిరణం మినహాయింపు ఇవ్వదు.

ఆనాడు బండిలో పట్టిన యంత్రం నేడు చేతిసంచిలో పట్టేటంతగా తగ్గినది. క్షయరోగాన్ని ముందుగా కనిపెట్టడానికి, చేతితో మోసుకొనిపోదగిన ఎక్సురే యంత్రాలు మన దేశంలో గ్రామాలకు వెళ్తున్నవి. 1878లో మేరీ తల్లిని తీసుకొనిపోయినది ఆ రోగమే. ఛాతీలోపలి మచ్చను చూడగలిగిన సాధనం, చూడనేర్చిన మనిషి ఆనాడు లేరు. నేడు సాధనం ఉన్నది. దానిని లంకగ్రామం వరకు మోసుకొనిపోయి, ఒక తల్లిని గోడవారగా నిలబెట్టి, నిదానంగా, సరిగా ఒక చిత్రం తీయగల మనుష్యులు మాత్రం ఇంకా ఎందరో కావలెను.